ఫలితం వచ్చిన రోజు నుంచి తొలి సమావేశం దాకా: కొత్త లోక్‌సభ ఏ తేదీన ఏర్పడినట్టు?

పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నల సారాంశం ఇది: 2024 జూన్ 4న లోక్‌సభ ఫలితాలు వచ్చాయి, జూన్ 9న మంత్రివర్గం ప్రమాణం చేసింది, ఎంపీలు మాత్రం జూన్ 24, 25 తేదీలలో ప్రమాణం చేశారు. మధ్యలోని 20 రోజులు గెలిచిన వ్యక్తి ఎంపీయా, కాదా? ప్రమాణం చేయని ఎంపీ అప్పటికే మంత్రి ఎలా అయ్యారు? స్పీకరే లేని సభలో మొదటి రోజు కుర్చీలో కూర్చునేది ఎవరు? సభ కాలపరిమితిని ఏ తేదీ నుంచి లెక్కించాలి? ఎన్నికల విధుల్లో చాలాకాలం పనిచేసి, ఆ తరువాత ఇదే విషయాన్ని బోధిస్తున్నవాడిగా, నాకు తెలిసినంత వివరంగా సమాధానం రాస్తున్నాను.

ఈ గందరగోళమంతా లోక్‌సభకు ఒకే ఒక్క పుట్టిన తేదీ ఉంటుందని అనుకోవడం వల్ల వస్తుంది. చట్టం దృష్టిలో మూడు వేరు వేరు తేదీలు ఉన్నాయి. అభ్యర్థి ఎన్నికైన తేదీ ఒకటి, సభ ఏర్పాటైన తేదీ ఒకటి, సభ తొలిసారి సమావేశమైన తేదీ ఒకటి. ఒక్కో తేదీ నుంచి ఒక్కో రకం గడువు లెక్క మొదలవుతుంది. 18వ లోక్‌సభకు అవి వరుసగా జూన్ 4, జూన్ 6, జూన్ 24. ఏ హక్కు, ఏ బాధ్యత ఏ తేదీతో ముడిపడి ఉందో తెలిస్తే మీ ప్రశ్నలలో చాలావాటికి జవాబు దొరుకుతుంది.

మొదట జూన్ 4 సంగతి. లెక్కింపు పూర్తయ్యాక రిటర్నింగ్ అధికారి ఫలితాల పత్రాన్ని సరిచూసుకుని, ఫారం 21సి మీద సంతకం చేసి విజేతను ప్రకటిస్తారు. తరువాత గెలిచిన అభ్యర్థికి ఫారం 22లో ధ్రువపత్రం ఇస్తారు. మరునాటి పత్రికల్లో మనకు కనిపించే, దండలు వేసుకుని నవ్వుతూ పట్టుకున్న కాగితం అదే. దానితోపాటు ఫొటోల్లో కనిపించని పని మరొకటి జరుగుతుంది. ధ్రువపత్రం అందిందని అభ్యర్థి చేత రసీదు మీద సంతకం తీసుకుని, దాన్ని వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో లోక్‌సభ సచివాలయానికి పంపాలని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు చెబుతాయి. రాత్రి పొద్దుపోయేదాకా లెక్కింపు సాగిన కేంద్రంలో, బయట బాణసంచా మోగుతుండగా, ఆ రసీదు కోసం విజేతను జనంలోంచి వెనక్కి పిలిపించడం ఎన్నికల సిబ్బందికి బాగా అలవాటైన పనే.

ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 67ఎ సెక్షన్ ప్రకారం, రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించిన తేదీయే ఆ అభ్యర్థి ఎన్నికైన తేదీ. దీని నుంచి లెక్క మొదలయ్యేవి వ్యక్తికి సంబంధించిన గడువులు. 30 రోజుల్లోగా ఎన్నికల ఖర్చు లెక్కలు దాఖలు చేయాలి. ఆ ఎన్నికను సవాలు చేయదలచినవారు 45 రోజుల్లోగా హైకోర్టులో పిటిషన్ వేయాలి. రెండు స్థానాల్లో గెలిచినవారు 14 రోజుల్లోగా ఒకటి వదులుకోవాలి, లేకపోతే రెండూ పోతాయి. రాహుల్ గాంధీ వయనాడ్, రాయ్‌బరేలీ రెండింటా గెలిచి, జూన్ 17న, అంటే గడువుకు ఒక్కరోజు ముందు, రాయ్‌బరేలీని ఉంచుకుంటున్నట్టు ప్రకటించింది ఈ లెక్క వల్లనే. అప్పటికి ఆయన లోక్‌సభలో ప్రమాణమే చేయలేదు, అయినా సీటు వదులుకోవలసి వచ్చింది. రాజ్యసభ సభ్యులుగా ఉంటూ లోక్‌సభకు గెలిచిన పీయూష్ గోయల్, జ్యోతిరాదిత్య సింధియా, కె.సి. వేణుగోపాల్ వంటివారి విషయంలో రాజీనామా అవసరం కూడా లేదు. అదే చట్టంలోని 69వ సెక్షన్ కింద, లోక్‌సభకు ఎన్నికైన తేదీనే వారి రాజ్యసభ స్థానాలు వాటంతటవే ఖాళీ అయ్యాయి.

ఎమ్మెల్యేగా ఉంటూ ఎంపీగా గెలిచినవారి లెక్క కొంచెం వేరు. ఇక్కడే విద్యార్థులు ఎక్కువగా తడబడతారు. రాజ్యాంగంలోని 101(2) అధికరణం, దాని కింద 1950లో చేసిన నియమాల ప్రకారం, ఎన్నిక గెజిట్‌లో ప్రచురితమైన నాటి నుంచి 14 రోజుల్లోగా శాసనసభ స్థానానికి రాజీనామా చేయకపోతే పోయేది ఎంపీ సీటు, ఎమ్మెల్యే సీటు కాదు. కర్హల్ ఎమ్మెల్యేగా ఉన్న అఖిలేశ్ యాదవ్ కన్నౌజ్ నుంచి గెలిచి జూన్ నెలలోనే శాసనసభకు రాజీనామా చేశారు. ఇదే నియమం ఎదురు దిశలో ఎలా పనిచేస్తుందో తెలంగాణ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2023 డిసెంబరు శాసనసభ ఎన్నికల తరువాత రేవంత్ రెడ్డి, ఉత్తమ్‌కుమార్ రెడ్డి, కోమటిరెడ్డి వెంకటరెడ్డి ఎమ్మెల్యే పదవులు ఉంచుకుని మల్కాజిగిరి, నల్లగొండ, భువనగిరి లోక్‌సభ స్థానాలను వదులుకున్నారు.

ఇక రెండో తేదీ, జూన్ 6. ఫలితాలన్నీ వచ్చాక ఎన్నికల సంఘం గెలిచిన సభ్యుల పేర్లతో ఒక నోటిఫికేషన్ జారీ చేస్తుంది. దానికి ఆధారం ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 73వ సెక్షన్. ఆ నోటిఫికేషన్ వెలువడటంతోనే సభ విధివిధానంగా ఏర్పాటైనట్టు భావించాలని ఆ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. 2024లో ప్రధాన ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమార్, కమిషనర్లు జ్ఞానేశ్ కుమార్, సుఖ్‌బీర్ సింగ్ సంధూ జూన్ 6న రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి ద్రౌపదీ ముర్ముకు ఆ నోటిఫికేషన్ ప్రతిని అందజేశారు. టెలివిజన్లలో కొన్ని సెకన్లు కనిపించి మాయమైన ఆ దృశ్యమే చట్టరీత్యా 18వ లోక్‌సభ ఏర్పాటుకు గుర్తు. ఆ ముందురోజే, జూన్ 5న, మంత్రివర్గ సిఫార్సు మేరకు రాష్ట్రపతి 17వ లోక్‌సభను రద్దు చేశారు. ఆ సభ గడువు జూన్ 16 దాకా ఉంది. అయితే కొత్త సభను నోటిఫై చేయాలంటే పాత సభ తప్పనిసరిగా రద్దయి ఉండాలన్న నియమం ఏదీ లేదు. 73వ సెక్షన్ కింద నోటిఫికేషన్ వచ్చినంత మాత్రాన ఉన్న సభ కాలపరిమితికి భంగం కలగదని ఆ సెక్షనే చెబుతుంది.

ఒకటి రెండు స్థానాల్లో ఎన్నిక వాయిదా పడినా సభ ఏర్పాటు ఆగదని గమనించాలి. 2019లో తమిళనాడులోని వేలూరు ఎన్నికను డబ్బు పంపిణీ ఆరోపణల నేపథ్యంలో రద్దు చేశారు. అయినా 542 మందితో 17వ లోక్‌సభ మే 25న ఏర్పాటైంది. వేలూరులో పోలింగ్ ఆ ఏడాది ఆగస్టు 5న జరిగింది.

ఈ జూన్ 6 నాటి ఏర్పాటుకు ఆచరణలో విలువ ఉందా అంటే, ఉంది. పార్లమెంటు సభ్యుల జీతభత్యాలు, పింఛన్ల చట్టం, 1954లో లోక్‌సభ సభ్యుడి పదవీకాలానికి ఇచ్చిన నిర్వచనం 73వ సెక్షన్ నోటిఫికేషన్ ప్రచురితమైన తేదీ నుంచే మొదలవుతుంది. ప్రమాణం చేయకముందే ఎమ్మెల్యేలు రాజ్యసభ ఎన్నికలో పాలుపంచుకోవచ్చా అన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, పశుపతినాథ్ సుకుల్ కేసులో వచ్చిన తీర్పు కూడా దీన్నే ఆధారం చేసుకుంది. నోటిఫికేషన్‌తోనే ఆ వ్యక్తి సభ్యుడవుతాడనీ, సభలో కూర్చుని చర్చలో పాల్గొనడానికీ ఓటు వేయడానికీ మాత్రమే ప్రమాణం షరతు అనీ, రాజ్యసభ ఎన్నికలో పాల్గొనడం ఆ కోవలోకి రాదనీ కోర్టు తేల్చింది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు సూటి జవాబు ఇది: జూన్ 6 నుంచి గెలిచిన వ్యక్తి ఎంపీయే. సభలో కూర్చునే అర్హత మాత్రం ప్రమాణంతో వస్తుంది. ప్రమాణం చేయకుండా సభలో కూర్చున్నా, ఓటు వేసినా రోజుకు 500 రూపాయల జరిమానా పడుతుందని 104వ అధికరణం చెబుతుంది. మొత్తం చిన్నదే అయినా, ప్రమాణం ఉత్సవం కోసం పెట్టిన తంతు కాదని ఆ ఒక్క అధికరణం చాటుతోంది.

ఈ తేడాకు 2024లోనే మంచి ఉదాహరణ ఉంది. పంజాబ్‌లోని ఖడూర్ సాహిబ్ నుంచి గెలిచిన అమృత్‌పాల్ సింగ్, జమ్మూకశ్మీర్‌లోని బారాముల్లా నుంచి గెలిచిన ఇంజనీర్ రషీద్ అప్పటికి జైళ్లలో ఉన్నారు. పెరోల్ మీద వచ్చి జూలై 5న స్పీకర్ గదిలో ప్రమాణం చేశారు. ఆ మధ్యలో వారి స్థానాలు ఖాళీగా ఉన్నాయని ఎవరూ అనలేదు, అనడానికి వీలూ లేదు.

మంత్రుల సంగతికి వస్తే, అది సభ ప్రమాణంతో సంబంధం లేని దారి. ప్రధానమంత్రిని రాష్ట్రపతి 75(1) అధికరణం కింద నియమిస్తారు. బీజేపీకి 240 స్థానాలే రావడంతో ఈసారి మద్దతు లేఖలకు 2014, 2019లలో లేని ప్రాముఖ్యం వచ్చింది. 16 స్థానాల తెలుగుదేశం, 12 స్థానాల జేడీ(యూ) సహా కూటమి బలం 293గా తేలింది. జూన్ 7న నరేంద్ర మోదీని కూటమి నాయకుడిగా ఎన్నుకోగా, ప్రభుత్వం ఏర్పాటు చేయాలని రాష్ట్రపతి అదే రోజు ఆహ్వానించారు. మంత్రి చేసే ప్రమాణం పదవికి, గోప్యతకు సంబంధించినది. సభ్యుడు చేసే ప్రమాణం రాజ్యాంగం పట్ల విధేయతకు, చేపట్టబోయే కర్తవ్యానికి సంబంధించినది. రెండింటి నమూనాలూ మూడో షెడ్యూలులో విడివిడిగా ఉన్నాయి. అందుకే జూన్ 9న మంత్రులైన కింజరాపు రామ్మోహన్ నాయుడు, జి. కిషన్ రెడ్డి, పెమ్మసాని చంద్రశేఖర్, బండి సంజయ్, భూపతిరాజు శ్రీనివాస వర్మ లోక్‌సభ సభ్యులుగా ప్రమాణం చేసేటప్పటికి 15 రోజులుగా మంత్రులు. అసలు ఏ సభలోనూ సభ్యత్వం లేకపోయినా 75(5) అధికరణం కింద ఆరు నెలలు మంత్రిగా ఉండవచ్చు. లూధియానాలో ఓడిన రవ్‌నీత్ సింగ్ బిట్టూ, పోటీయే చేయని జార్జ్ కురియన్ అలా మంత్రులై, ఆగస్టులో రాజ్యసభకు ఎన్నికయ్యారు.

సభను జూన్ 24 దాకా ఎందుకు పిలవలేదు అన్నది మంచి ప్రశ్న. ఏర్పాటైన సభను ఇన్ని రోజుల్లోగా సమావేశపరచాలని రాజ్యాంగంలో అంకె లేదు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలల వ్యవధి మించరాదన్న 85(1) అధికరణాన్ని చాలా శిక్షణ పుస్తకాలు ఇక్కడ తెచ్చిపెడతాయి. నా దృష్టిలో అది సరికాదు. గుజరాత్ శాసనసభ విషయంలో రాష్ట్రపతి అడిగిన సలహాపై 2002లో ఇచ్చిన అభిప్రాయంలో, రాష్ట్రాలకు వర్తించే ఇలాంటి నిబంధన (174వ అధికరణం) బతికున్న సభకే గాని రద్దయిన సభకు వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. అసలైన ఒత్తిడి డబ్బు దగ్గర ఉంటుంది. ఎన్నికల ఏడాది కావడంతో ఫిబ్రవరిలో ఓటాన్ అకౌంట్‌తో (పూర్తి బడ్జెట్ వచ్చేదాకా ఖర్చులకు సభ ఇచ్చే తాత్కాలిక అనుమతితో) సరిపెట్టారు, అది జూలై చివరి దాకానే. ఆలోగా పూర్తి బడ్జెట్ రావాలి, దానికి ముందు సభ్యుల ప్రమాణాలు, స్పీకర్ ఎన్నిక, రాష్ట్రపతి ప్రసంగం పూర్తి కావాలి. బడ్జెట్ జూలై 23న వచ్చింది. మొదటి లోక్‌సభ 1952 ఏప్రిల్ 17న ఏర్పాటై మే 13న సమావేశమైందని గుర్తు చేసుకుంటే, 2024 నాటి విరామం అసాధారణమేమీ కాదని తెలుస్తుంది.

స్పీకర్ ప్రశ్న అన్నింటికన్నా ఆసక్తికరమైనది, దీన్ని కొంచెం నెమ్మదిగా చూద్దాం. లోక్‌సభ రద్దయితే సభ్యులందరి సభ్యత్వం పోతుంది గాని స్పీకర్ పదవి పోదు. కొత్త సభ తొలి సమావేశానికి సరిగ్గా ముందు వరకు ఆయన పదవిలోనే ఉంటారని 94వ అధికరణంలోని మినహాయింపు చెబుతుంది. 2019లో సుమిత్రా మహాజన్ ఎన్నికల్లో పోటీయే చేయలేదు, అయినా జూన్ 17న కొత్త సభ కొలువుదీరే వరకు స్పీకర్‌గా కొనసాగారు. అలా పదవి ఖాళీ అయిన క్షణం నుంచి కొత్త స్పీకర్ ఎన్నికయ్యే వరకు, 95(1) అధికరణం కింద రాష్ట్రపతి నియమించిన సభ్యుడు ఆ విధులు నిర్వహిస్తారు. మనం ప్రొటెం స్పీకర్ అని పిలిచేది ఆయననే. ఆయన మొదట రాష్ట్రపతి ఎదుట ప్రమాణం చేసి సభకు వస్తారు, తరువాత 99వ అధికరణం కింద మిగిలినవారి చేత ప్రమాణం చేయిస్తారు.

ఎవరిని నియమించాలన్నది రాజ్యాంగంలో రాసిలేదు. అత్యధిక కాలం సభ్యుడిగా ఉన్నవారిని ఎంచుకోవడం సంప్రదాయం. 2024లో కటక్ సభ్యుడు, ఏడోసారి గెలిచిన భర్తృహరి మహతాబ్‌ను నియమించినప్పుడు, ఎనిమిదోసారి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు కొడికున్నిల్ సురేశ్‌ను కాదన్నారని ప్రతిపక్షం తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. మహతాబ్ వరుసగా ఏడుసార్లు గెలిచారనీ, సురేశ్ 1998లో, 2004లో ఓడిపోయారనీ ప్రభుత్వం వాదించింది. మహతాబ్‌కు సహాయంగా నియమితులైన ప్రతిపక్ష సభ్యులు ముగ్గురూ, అంటే సురేశ్, టి.ఆర్. బాలు, సుదీప్ బందోపాధ్యాయ, ఆ బాధ్యతకు దూరంగా ఉండిపోయారు. రాధామోహన్ సింగ్, ఫగ్గన్ సింగ్ కులస్తే మాత్రం చేపట్టారు. రెండు రోజుల పదవికి ఇంత పట్టుదల అవసరమా అని అడిగేవారికి నా జవాబు ఇది: స్పీకర్ ఎన్నిక జరిగే వేళ కుర్చీలో ఉండేది ఆయనే, ఓట్ల విభజన (అంటే ఓట్లను లెక్కించి తేల్చడం) కోరినప్పుడు ఏం చేయాలో నిర్ణయించేదీ ఆయనే. బలాబలాలు దగ్గరగా ఉన్న సభలో అది తేలికైన సంగతి కాదు. అందుకే ఈ సంప్రదాయాన్ని లిఖితపూర్వక నియమంగా మార్చాలని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రమాణం జరిగే తీరు కూడా చెప్పుకోవాలి. జూన్ 24న ముందు ప్రధాని, సహాయ బృందంలోని సభ్యులు, మంత్రులు, ఆ తరువాత రాష్ట్రాల వరుసలో మిగతావారిని పిలిచారు. పేరు పిలవగానే సభ్యుడు సెక్రటరీ జనరల్ బల్ల దగ్గరకు వెళ్లి తన ఎన్నిక ధ్రువపత్రం అక్కడి అధికారికి అందిస్తారు. లెక్కింపు కేంద్రంలో అందుకున్న ఆ ఫారం 22 కాగితానికి అసలు పని ఇక్కడ పడుతుంది. ఇంగ్లిష్‌లో గాని, ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని ప్రమాణపత్రం అడిగి తీసుకోవచ్చు. సభాపతి వైపు తిరిగి దైవసాక్షిగానో మనస్సాక్షిగానో దాన్ని చదివి, సభాపతికి నమస్కరించి, కుర్చీ వెనుకనుంచి అవతలి వైపుకు నడిచి సభ్యుల పట్టికలో సంతకం చేస్తారు. ఆ సంతకంతో పని పూర్తవుతుంది. పత్రంలో లేని మాటలు చేర్చడం మీద ఈసారి పెద్ద వివాదాలే వచ్చాయి. హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ ఉర్దూలో ప్రమాణం చేసి చివర చేసిన పాలస్తీనా నినాదం అందులో ఒకటి. ఆ తరువాత స్పీకర్ తన ఆదేశాలను సవరించి, ప్రమాణానికి ముందుగాని వెనుకగాని అదనపు మాటలు చేర్చకూడదని స్పష్టం చేశారు.

స్పీకర్ ఎన్నిక జూన్ 26న జరిగింది. అభ్యర్థుల పేర్లతో తీర్మానాల నోటీసులు ముందురోజు మధ్యాహ్నం లోపల ఇవ్వాలి. సభలో వాటిని ఒక్కొక్కటిగా ఓటుకు పెడతారు, ఒకటి నెగ్గగానే మిగతావాటిని పక్కన పెడతారు. ఓం బిర్లా పేరుతో ప్రధాని ప్రవేశపెట్టిన తీర్మానం మూజువాణి ఓటుతో నెగ్గింది. ప్రతిపక్షం విభజన కోసం పట్టుబట్టలేదు. అందుకే ప్రతిపక్షం నిలబెట్టిన సురేశ్ పేరు ఓటింగ్ దాకా రాలేదు. విభజన దాకా వెళ్లిన సందర్భాల్లో తెలుగువారు తప్పక తెలుసుకోవలసింది 1967 నాటిది. ఆనాడు పోటీపడిన ఇద్దరూ తెలుగువారే. హిందూపురం నుంచి గెలిచిన నీలం సంజీవరెడ్డికి 278, విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా గెలిచిన తెన్నేటి విశ్వనాథానికి 207 ఓట్లు వచ్చాయి. గెలిచిన సంజీవరెడ్డి తన పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేసి కుర్చీలో కూర్చున్నారు. అది చట్టం అడిగిన పని కాదు, ఆయన స్వయంగా పెట్టుకున్న కట్టుబాటు. ఆ తరువాత ఆ దారిలో నడిచినవారు లేకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

డిప్యూటీ స్పీకర్‌ను కూడా వీలైనంత త్వరగా ఎన్నుకోవాలని 93వ అధికరణం చెబుతుంది. గడువు పెట్టకపోవడంతో 17వ లోక్‌సభ ఐదేళ్లూ ఆ పదవి ఖాళీగానే గడిచిపోయింది. ప్రతిపక్ష నాయకుడి హోదా మాత్రం పదేళ్ల తరువాత ఈ సభలో మళ్లీ వచ్చింది. 2014లో 44, 2019లో 52 స్థానాలతో ఆగిపోయిన కాంగ్రెస్‌కు ఈసారి 99 రావడంతో రాహుల్ గాంధీని ఆ హోదాలో గుర్తించారు. సభలో పదో వంతు స్థానాలు ఉండాలన్న షరతు 1977 నాటి ప్రతిపక్ష నాయకుల జీతభత్యాల చట్టంలో లేదు. సంఖ్యాపరంగా పెద్దదైన ప్రతిపక్ష పార్టీ నాయకుడై, స్పీకర్ గుర్తింపు పొందినవారు అని మాత్రమే అందులో ఉంది. పదో వంతు అన్నది స్పీకర్ల ఆచారం నుంచి వచ్చింది.

జూన్ 27న రాష్ట్రపతి ఉభయసభలను ఉద్దేశించి ప్రసంగించారు. ప్రతి సార్వత్రిక ఎన్నిక తరువాత తొలి సమావేశంలో ఇది 87వ అధికరణం కింద తప్పనిసరి. ధన్యవాద తీర్మానం మీద చర్చ ముగిసి, జూలై 2న లోక్‌సభ నిరవధికంగా వాయిదా పడింది. కొత్త ప్రభుత్వానికి సభలో మెజారిటీ ఉందని తొలిసారి తేలేది సాధారణంగా ఈ ధన్యవాద తీర్మానం మీదనే. అది ఓడిపోతే ప్రభుత్వం కొనసాగడం కష్టం.

చివరిగా, సభ కాలపరిమితి ఎప్పటి నుంచి లెక్కించాలని అడిగారు. 83(2) అధికరణం ప్రకారం ఐదేళ్లు తొలి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి లెక్కించాలి, ఎన్నికైన తేదీ నుంచి గాని నోటిఫికేషన్ తేదీ నుంచి గాని కాదు. 17వ లోక్‌సభ 2019 జూన్ 17న సమావేశమైంది కనుకనే దాని గడువు 2024 జూన్ 16 అయింది. అదే లెక్కన 18వ లోక్‌సభ ముందుగా రద్దు కాకపోతే 2029 జూన్ 23 దాకా ఉంటుంది. గడువు ముగియడానికి ఆరు నెలల కన్నా ముందు సార్వత్రిక ఎన్నికల నోటిఫికేషన్ ఇవ్వకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 14వ సెక్షన్ అంటుంది కాబట్టి, తరువాతి ఎన్నికల నోటిఫికేషన్‌ను కూడా ఆ తేదీ నుంచే వెనక్కి లెక్కపెట్టాలి.